పాత క్లబ్బు భవనాన్ని బాగుచేయించే ముందు గోడల చెమ్మ చూడండి

గోదావరి డెల్టా పట్టణాల్లో ఇంకా నిలిచి ఉన్న పాత టౌను క్లబ్బులను బాగుచేయాలని కమిటీ తీర్మానించిన మరునాడే ఫాల్స్ సీలింగు గురించి, గోడల రంగు గురించి చర్చ మొదలవుతుంది. మొదట తేల్చుకోవలసింది గోడల చెమ్మ సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ నేల కాలువల మీదే బతుకుతోంది. కాలువలు పారే నెలల్లో నేలలోని నీరు పునాదుల దాకా వచ్చి, ఇటుకల గుండా సాధారణంగా మీటరు ఎత్తు వరకు పాకి, తనతో తెచ్చిన ఉప్పును గోడ మీద వదిలి ఆరిపోతుంది. కాబట్టి కార్తీక మాసంలో ఒకసారి భవనమంతా తిరిగి, చెమ్మ ఎక్కిన ఎత్తును ప్రతి గోడ మీదా బొగ్గుతో గీసి ఉంచుకోండి. పని మాత్రం వేసవిలో, కాలువలకు నీళ్లు ఆపేశాక మొదలుపెట్టండి.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే గోడకు ఒక పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి, ఒక రోజు వదిలేయాలి. పాలిథిన్‌కు గోడ వైపు నీటి చుక్కలు పడితే అది గోడలోని తడి. గది వైపు పడితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం. ఈ రెండో రోగానికి మందు సున్నం కాదు, ఎప్పుడో మేకులు కొట్టి మూసేసిన కిటికీలను తెరవడమే.

సున్నపు గోడ పెచ్చులూడిన చోట సిమెంటు పూయించడం మన ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. ఆ తడి మరింత పైకి పాకి, పూత ముగిసిన చోట ఉప్పై పొంగుతుంది. పాత సిమెంటును జాగ్రత్తగా చెక్కించి, ఇటుకలను కొన్ని వారాలు ఆరనిచ్చి, బాగా నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు కలిపి, పలుచని పొరలుగా గార వేయించాలి. ఎండకు గార బీటలు వారకుండా ప్రతి పొర మీదా తడి గోనెలు వేలాడదీయాలి. పైన ప్లాస్టిక్ రంగులు వద్దు. సున్నంలో ఎర్రమన్ను, పసుపు మన్ను వంటి మట్టి రంగులు కలిపి మూడు పూతలు వేస్తే గోడకు ఊపిరాడుతుంది. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు కనుక, ముందుగా ఒక మూల నాలుగడుగుల మేర వేయించి చూశాకే బేరం కుదుర్చుకోండి.

మిద్దె దూలాలు గోడలోకి దిగే కొసల దగ్గరే పుచ్చుతాయి. వడ్రంగి చేత అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిపించి చూడండి. మెత్తగా దిగితే ఆ కొసను మాత్రం కోసి కొత్త టేకు అతికించవచ్చు, దూలమంతా మార్చనక్కరలేదు. తలుపుల మీది పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకించకండి.

ఇక అలంకరణ. రాజస్థాన్ జరోఖాలు (ముందుకు పొడుచుకొచ్చే చెక్కడపు కిటికీలు), కేరళ స్తంభాలు తెచ్చి పెడితే అది హోటలు హాలులా తయారవుతుంది. మండువా ఇళ్లలో కనిపించే ఉయ్యాల బల్ల, వసారాలో పడక కుర్చీలు, కోనసీమ కొబ్బరి పీచు చాపలు, కిటికీలకు నరసాపురం పరిసరాల మహిళలు అల్లే లేసు తెరలు చాలు. పేకాట బల్లల మీద దీపాలు తక్కువ ఎత్తులో వేలాడాలి, రీడింగు రూములో కిటికీ పక్కనే కుర్చీ ఉండాలి. ముప్పై ఏళ్లుగా ఒకే చోట కూర్చునే సభ్యుడి కుర్చీని కదిపే ముందు ఆయనను అడగడం కూడా పనిలో భాగమే. వైర్లను సున్నపు గోడ తొలిచి లోపల దాచకుండా, పైపుల్లో గోడ మీదుగానే తీసుకెళ్లండి.

పాత గ్రూపు ఫోటోల నకళ్లు తీయించి, ఫ్రేముల వెనుక నాలుగు మూలలా అంగుళం మందం చెక్క ముక్కలు పెట్టి తగిలించండి. అసలు ఫోటోలను మాత్రం బీరువాలో, నేలకు అడుగున్నర పైన ఉన్న అరలో ఉంచండి.