క్యాన్సర్ పరిశోధన కోసం మారథాన్: ట్రైనింగ్ మధ్యలో మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి

క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు సేకరిస్తూ మొదటిసారి మారథాన్‌కు సిద్ధమయ్యేవాళ్ళకు కొన్నేళ్ళుగా తోడుంటున్నాను. ప్రతిసారీ తొమ్మిదో వారం, పదో వారం వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. కాళ్ళు కదలడం లేదని ఒకరు, మోకాలి కింద నొప్పని ఒకరు, విరాళాలు ఆగిపోయాయని ఇంకొకరు. మనుషులు మారతారు గానీ కారణాలు నాలుగైదే. వాటిలోనూ ఒకటి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అది చూసుకోమంటే మాత్రం ఎవరూ చూసుకోరు. బూట్లు మారుస్తారు, మోకాలికి పట్టీ వేస్తారు, ప్రొటీన్ పౌడర్ కొంటారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

మీ దగ్గర 16 నుంచి 20 వారాల ప్లాన్ ఉందని, ఆగకుండా ఐదారు కిలోమీటర్లు పరుగెత్తగలరని, విరాళాల పేజీ తెరిచారని అనుకుంటున్నాను. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఇక్కడ వెతక్కండి. పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

లక్షణం: ప్లాన్ ఒక్కరోజు కూడా తప్పలేదు, అయినా రోజురోజుకీ నీరసం

పొద్దున లేవగానే కాళ్ళలో సీసం పోసినట్టు ఉంటుంది. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. నెల కిందట హాయిగా పరుగెత్తిన వేగానికే ఇప్పుడు గుండె దడదడలాడుతుంది. లాంగ్ రన్‌లో, అంటే వారానికోసారి చేసే దూరపు పరుగులో, పద్దెనిమిదో కిలోమీటరు దాకా బాగానే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా కూలబడిపోతారు. రాత్రి నిద్ర సరిగా పట్టదు, చిన్న విషయానికి చిరాకు. మంచం దిగకముందే నాడి చూసుకుంటే మామూలు కన్నా ఐదారు, ఒక్కోసారి పది ఎక్కువ కొట్టుకుంటుంది.

కారణం: మీ ఈజీ రన్ (తేలిగ్గా చేయాల్సిన పరుగు) ఈజీగా లేదు

ఈ మాట చెప్పగానే అందరూ ఒకటే అంటారు, "లేదండీ, నేను మెల్లగానే వెళ్తున్నాను" అని. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకు అది మెల్లగానే అనిపిస్తోంది. మరీ కష్టంగా ఉంటే మనమే ఆగిపోతాం, నిజంగా తేలిగ్గా ఉంటే పరుగు చేసినట్టే అనిపించదు. కాబట్టి మనకు తెలియకుండానే ఆ రెండింటి మధ్యలో ఉన్న వేగానికి జారిపోతాం. ఒళ్ళు కాస్త చెమట పట్టి, ఊపిరి కాస్త బరువెక్కి, పని చేశామన్న తృప్తినిచ్చే వేగం అది. దానితో గట్టి ట్రైనింగ్ ఇచ్చే లాభమూ పూర్తిగా రాదు, తేలిక పరుగు ఇచ్చే విశ్రాంతీ దొరకదు. అలసట మాత్రం రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది.

ఓర్పు క్రీడల్లో పేరున్నవాళ్ళు ఎలా సాధన చేస్తారో స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆయన గమనించింది ఏమిటంటే, వాళ్ళ సెషన్లలో సుమారు 80 శాతం చాలా తేలికైనవి, మిగతా 20 శాతమే నిజంగా కష్టమైనవి. వాళ్ళే అంత మెల్లగా వెళ్తుంటే, మొదటిసారి 42.195 కిలోమీటర్లు పరుగెత్తబోయే మనకు తొందరెందుకు?

ఇంకో సంగతి ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే సాధనకు అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకకు కలిపే తంతువులకు అంతకన్నా చాలా ఎక్కువ సమయం కావాలి. ఎముక మీద కొత్త బరువు పడితే శరీరం ముందు పాత ఎముకను కొంత తొలుస్తుంది, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. తొలవడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. అంటే ఊపిరి బాగా అందుతూ, ఇంకా వేగంగా వెళ్ళగలనని మీకనిపించే రోజుల్లోనే మీ కాలి ఎముక బలహీనంగా ఉండే అవకాశం ఉంది.

విరాళాల కోసం పరుగెత్తేవాళ్ళలో ఇది మరీ ఎక్కువగా చూస్తాను. ఎందుకో నాకు బాగా తెలుసు, నేనూ దెబ్బ తిన్నాను కాబట్టి.

నా మొదటి మారథాన్ మా అక్క కోసం. ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన ఏడాదే పేరు నమోదు చేసుకున్నాను. రోజూ పరుగు అవగానే వాచ్‌ను ఫొటో తీసి విరాళాల పేజీలో పెట్టేవాణ్ణి. నాలుగో వారంలో ఒక దాత, పాపం మంచి మనసుతోనే, "ఈ వారం కాస్త స్లో అయినట్టున్నారు, ఒంట్లో బాగానే ఉందా?" అని రాశారు. మర్నాడు కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున వెళ్ళాల్సిన పరుగును ఐదు నిమిషాల యాభై సెకన్లకు లాగేశాను. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు. డబ్బిచ్చినవాళ్ళు చూస్తున్నారు కదా, అక్క చూస్తోంది కదా అనిపించింది, అంతే. ఆ తర్వాత ప్రతి పరుగూ అలాగే సాగింది.

పదకొండో వారంలో మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ఐస్ పెట్టి, పట్టీ చుట్టి ఇంకో పది రోజులు పరుగెత్తాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదంటే సంతోషపడి మళ్ళీ పరుగెత్తాను. ఎముకలో సన్నని పగులు ఎంఆర్ఐలో బయటపడింది. రేసు పోయింది. అక్క అప్పుడు కీమో మధ్యలో ఉంది. తలకు స్కార్ఫ్ కట్టుకుని వచ్చి, నా ఊతకర్రల ఎత్తు సరిచేస్తూ, "నువ్వు మెల్లగా పరుగెత్తితే నాకేం తక్కువయ్యేదిరా?" అంది. ఎవరైనా నేను మెల్లగానే వెళ్తున్నానని చెప్పిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చెక్ చేసుకోవడం: పైకి మాట్లాడండి

దీనికి యంత్రం అక్కర్లేదు. పరుగు మొదలై పదిహేను నిమిషాలయ్యాక, వేగం తగ్గించకుండా, విరాళం కోసం మీరు అందరికీ చెప్పే మాటే గట్టిగా పైకి చెప్పండి: "క్యాన్సర్ పరిశోధనకు డబ్బు సేకరించడానికి నేను మారథాన్ పరుగెత్తుతున్నాను, మీకు వీలైనంత సాయం చేస్తారా?" మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా పూర్తిగా చెప్పగలిగితే వేగం సరైనదే. రెండు మూడు ముక్కలైతే మీరు ఎక్కువ వేగంలో ఉన్నట్టే. మనసులో అనుకుంటే సరిపోదు, పైకే చెప్పాలి. పావుగంటకోసారి చెప్పండి, ఎందుకంటే మొదట్లో పాసై అరగంట తర్వాత ఫెయిలయ్యేవాళ్ళే ఎక్కువ.

వాచ్‌లో గుండె వేగం చూసుకుంటాం అంటారా? చూసుకోండి, తేలిక పరుగు సాధారణంగా గరిష్ఠ గుండె వేగంలో 60 నుంచి 75 శాతం మధ్య ఉంటుంది. కానీ 220 లోంచి వయసు తీసేసే లెక్క సగటుకు సంబంధించింది. మీ అసలు గరిష్ఠం దానికి పది పన్నెండు అటూ ఇటూ ఉండొచ్చు. మణికట్టు దగ్గర ఉండే సెన్సర్ ఒక్కోసారి అడుగుల లయనే గుండె లయగా పొరబడుతుంది. వాచ్ ఒకటి చెప్పి, మీ ఊపిరి ఇంకొకటి చెబితే ఊపిరినే నమ్మండి.

చేయాల్సింది

ఇప్పటికే బాగా అలసిపోయి ఉంటే ముందు ఒక వారం మొత్తం దూరాన్ని సగం చేయండి. తప్పిపోయిన కిలోమీటర్లను మళ్ళీ ఎక్కడా కలపొద్దు, అవి పోయినట్టే. తర్వాత వాచ్‌లో పేస్ (కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పడుతోందో) కనిపించే స్క్రీన్ తీసేసి సమయం ఒక్కటే ఉంచుకోండి. ఎత్తు ఎక్కుతుంటే మాట తెగిపోతోందా, నడవండి. ఎండగా ఉంటే, గాలిలో తేమ ఎక్కువుంటే ఇంకా తగ్గండి. పక్కన వేగంగా వెళ్ళే స్నేహితుడు ఉంటే ఆ రోజుకు విడిగా వెళ్ళండి. వారంలో ఒకటి, మహా అయితే రెండు సెషన్లు మాత్రమే కష్టంగా ఉండాలి.

మొదటి పదిహేను రోజులు చాలా ఇబ్బందిగా ఉంటుంది. వెనక్కి పోతున్నామేమోనన్న టెన్షన్ పట్టుకుంటుంది. మూడు నాలుగు వారాలు ఓపిక పడితే అదే ఊపిరికి వేగం దానంతటదే పెరగడం మొదలవుతుంది.

విరాళాల పేజీలో పేస్ పెట్టడం ఈ రోజు నుంచే మానేయండి. ఎన్ని నిమిషాలు పరుగెత్తారో, ఎన్ని వారాలు మిగిలాయో, ఎవరిని తలుచుకుని పరుగెత్తారో రాయండి. దాతలకు కావలసింది అదే. పేస్ తగ్గిందని విరాళం వెనక్కి తీసుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

టెర్రీ ఫాక్స్ నొప్పితోనే పరుగెత్తాడు కదా అని కొందరంటారు. ఎముక క్యాన్సర్‌కు కుడి కాలు పోగొట్టుకుని, 1980లో కృత్రిమ కాలితో కెనడాలో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన కుర్రాడు ఆయన. నాకూ ఆయనంటే ఎంతో గౌరవం. కానీ అంతకుముందు ఏడాదికి పైగా సాధన చేశాడని, రోజూ దాదాపు ఒక మారథాన్ దూరాన్ని నిదానంగా పూర్తిచేసుకుంటూ వెళ్ళాడని కూడా గుర్తుంచుకోవాలి.

లక్షణం: మోకాలి కింద ముందువైపు నొప్పి

బొటనవేలితో ఎముక పొడవునా మెల్లగా నొక్కుతూ రండి. లోపలి అంచు వెంట బెత్తెడు మేర అంతా సలుపుతుంటే, ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంటే, అది సాధారణంగా కండరాలు, ఎముక పొర లాగడం వల్ల వచ్చిన నొప్పి. దూరం తగ్గించి, పైన చెప్పిన వేగం సరిచేస్తే చాలామందికి సర్దుకుంటుంది. అలా కాకుండా నాణెమంత చోట వేలు పెట్టగానే ప్రాణం పోయినంత నొప్పి వస్తే, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే, రాత్రి పడుకున్నా ఉంటే, ఆ రోజుతో పరుగు ఆపి డాక్టర్‌కు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. నాకు జరిగింది మీకు జరగకూడదు, అందుకే ఎంఆర్ఐ అవసరమా అని మీరే అడగండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అసలు వద్దు. నొప్పిని కప్పేస్తుంది, దూరపు పరుగులో మూత్రపిండాలకు కూడా ప్రమాదం.

లక్షణం: 30 కిలోమీటర్ల దగ్గర ఒక్కసారిగా శక్తి అయిపోవడం

వేగం సరిచేసుకున్నాక కూడా ఇలా అవుతుంటే తిండి చూడాలి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండి పదార్థం సుమారు రెండు వేల కేలరీలకు మించదు. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవాలి, అదీ ఆకలి వేశాక కాకుండా మొదటి ముప్పావుగంట లోపే మొదలుపెట్టాలి. ఏది తీసుకున్నా లాంగ్ రన్‌లలో ముందే అలవాటు చేసుకోండి, రేసు రోజున కొత్తది నోట్లో పెట్టుకోవద్దు. నీళ్ళు దాహాన్ని బట్టి తాగండి. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాంతకం కూడా కావచ్చు.

లక్షణం: మొదటి వారం బాగా వచ్చిన విరాళాలు తర్వాత ఆగిపోవడం

ముందు మీ లింక్ మీరే తెరవండి. మీ ఫోన్‌లో కాదు, ఆ పేజీకి ఎప్పుడూ లాగిన్ కాని ఇంకొకరి ఫోన్‌లో. చిన్న మొత్తం కట్టి చివరిదాకా వెళ్ళి రసీదు వచ్చిందో లేదో చూడండి. లింక్ పనిచేయకపోయినా ఎవరూ ఆ మాట మీకు చెప్పరు, మౌనంగా వెళ్ళిపోతారు. పదిహేను రోజులు దిగులు పడ్డాక లింక్‌లో ఒక అక్షరం తప్పని తెలిసినవాళ్ళు నాకు తెలుసు.

లింక్ బాగుంటే, మీరు అడిగిన తీరు చూసుకోండి. అందరికీ కలిపి ఒక పోస్టు పెడితే తమనే అడిగారని ఎవరూ అనుకోరు. ఒక్కొక్కరికీ పేరు పెట్టి, వరస పెట్టి రాయండి. అత్తయ్యకు రాసేది అత్తయ్యకే రాయండి. మొదటి విరాళం మీరే వేయండి. పరిశోధనకు ఇస్తే ఏం జరుగుతుందని అడిగేవాళ్ళకు ఒక్క ఉదాహరణ చాలు. 1960ల మొదట్లో పిల్లలకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకీమియా అనే రక్త క్యాన్సర్ వస్తే పదిమందిలో ఒక్కరు బతకడం కూడా కష్టంగా ఉండేది. ఇప్పుడు మంచి చికిత్స అందేచోట దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఒక అద్భుత మందుతో వచ్చిన మార్పు కాదది. ఏళ్ళ తరబడి రోగుల మీద చికిత్సలను పరీక్షించే ట్రయల్స్ ఒకదాని తర్వాత ఇంకొకటి చేస్తూ, ఉన్న మందులనే ఎలా కలిపి వాడాలో నేర్చుకుంటూ సాధించింది. ఆ ట్రయల్స్ నడవడానికే ఈ డబ్బు.

మిగతావి

బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చాలి. అంతకన్నా ముందే మార్చి నొప్పి పోతుందని ఆశించొద్దు. తొడలు, చంకలు ఒరుసుకుపోతే పెట్రోలియం జెల్లీ. బొటనవేలి గోరు నల్లబడితే బూటు అరసైజు చిన్నదై ఉంటుంది. వేగం తగ్గించి, బాగా తిని, నిద్రపోయినా నెల తర్వాతా నీరసం పోకపోతే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూడమనండి, ముఖ్యంగా ఆడవాళ్ళు. అడుగులు వేసే తీరు మార్చుకోవాలా, కాలు చదునుగా ఉందా అనే అనుమానాలు చివరికి పెట్టుకోండి. వందసార్లలో ఒకటి రెండుసార్లు కూడా అవి అసలు కారణం కావడం నేను చూడలేదు. రేసు ముందు రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడొద్దు, అంతకుముందు వారమంతా పడుకున్న నిద్రే పనికొస్తుంది.

రేసు అయ్యాక విరాళాల పేజీని వెంటనే మూసేయకండి. మెడల్‌తో ఫొటో పెట్టిన తర్వాతి వారంలో, ఇద్దామనుకుని మరచిపోయినవాళ్ళు చాలామంది ఇస్తారు.