చెరువు పక్కన టెంట్ వేసి ఒక రాత్రి ఉండి రావడం ఎలా?

శనివారం మధ్యాహ్నం హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు దిగి వికారాబాద్ వైపో సంగారెడ్డి వైపో పోయే కార్ల డిక్కీల్లో ఈమధ్య టెంట్ మామూలు సామాను అయిపోయింది. సంతోషమే. ఆ టెంట్‌ని తీసుకెళ్ళి ఎక్కడ వేస్తున్నారో చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఎవరిని చూసినా నీటి అంచుకు నాలుగడుగుల దూరంలో. ఫొటో బాగా వస్తుందట. తెల్లారేసరికి దుప్పటి పిండితే నీళ్ళు కారతాయి, టెంట్ చుట్టూ బర్రెలు నిలబడి ఉంటాయి, తాళ్ళలో ఎవరిదో వల చిక్కుకుని ఉంటుంది.

టెంట్ వేసి, పరుపు పరిచి, రాత్రికి బార్బెక్యూ పెట్టే చోట్ల గురించి కాదు నేను చెప్పేది. అక్కడ డబ్బు కడితే చాలు, నేర్చుకునేదేమీ లేదు. కరెంటు, కుళాయి, కాపలా లేని చోటికి మన సామాను మనమే మోసుకెళ్ళి పడుకోవడం గురించి చెబుతున్నాను.

ఎప్పుడు, ఎక్కడికి

దీపావళి తర్వాత మొదలుపెట్టి శివరాత్రితో ఆపేయాలి. శివరాత్రి దాటితే ఎండ, ఏప్రిల్, మే నెలల్లో గాలివాన, ఆ తర్వాత ముసురు. వానలో క్యాంపింగ్ బాగుంటుందనేవాళ్ళు కారులో పడుకునేవాళ్ళే.

ఇక చోట్లు. వికారాబాద్ దాటాక కోట్‌పల్లి ప్రాజెక్టు పరిసరాలు, మంజీర నది మీది సింగూరు ప్రాజెక్టు వెనక జలాలు, కాస్త దూరమైనా ఫరవాలేదంటే కొల్లాపూర్ దగ్గర సోమశిల. మంజీర, పోచారం, పాకాల మాత్రం అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టకూడదు, టెంట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అనంతగిరి అడవిలోనూ అటవీ శాఖను అడక్కుండా మకాం పెట్టొద్దు. గండిపేట, హిమాయత్‌సాగర్ జోలికి పోవద్దు, అవి తాగునీటి చెరువులు. మిగతా చోట్ల భూమి ఎవరిదో కనుక్కోండి. పట్టా భూమి అయితే రైతుని, ప్రాజెక్టు భూమి అయితే నీటిపారుదల శాఖ వాళ్ళని అడగాలి. ఊళ్ళో ఒక మాట చెప్పి, దగ్గర్లోని పోలీసు స్టేషనుకు ఫోన్ చేసి ఎంతమంది ఉంటున్నారో చెప్పడం రెండు నిమిషాల పని. రాత్రి పదకొండింటికి ఎవరో టార్చి వేసుకుని వచ్చి ఎవర్రా మీరు అని అడిగినప్పుడు ఆ రెండు నిమిషాల విలువ తెలుస్తుంది.

సామాను

ఇద్దరికి ముగ్గురు పట్టే డోమ్ టెంట్, పైన వేరుగా కప్పే రెయిన్ కవర్ ఉన్నది. ఆరుగురు పట్టేది వద్దు, గాలికి అది తెరచాపే. కింద పరవడానికి టార్పాలిన్ పట్టా, ఫోమ్ చాప, రగ్గు, తలకు కట్టే లైటు, చిన్న గ్యాస్ స్టవ్, కత్తి, సుత్తి, మేకులు, నైలాన్ తాడు. మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు ఇంటి నుంచే. చెరువు నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ చుట్టూ ఉన్న పొలాల నుంచి దిగిన మందులు పోవు. తిండికి పులిహోర కట్టుకెళ్ళండి. పొద్దున్నే చేసింది రాత్రికి ఇంకా బాగుంటుంది, చెయ్యి కడుక్కుంటే అయిపోతుంది. బిర్యానీ తెచ్చి బొక్కలు విసిరేస్తే రాత్రంతా కుక్కలు, అదృష్టం బాగాలేకపోతే అడవి పందులు.

చోటు చూసుకోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

కారు దిగగానే డిక్కీ తెరవొద్దు. ఖాళీ చేతులతో అరగంట నడవండి. మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకోమనేది ఇందుకే. ఐదున్నరకు చేరి ఫోన్ లైటులో వెతికేవాళ్ళకి ప్రతిసారీ దొరికేది ఒకే రకం చోటు, నీళ్ళ పక్కన చదునుగా, మెత్తగా, రాయి లేకుండా ఉన్నది. అది అంత చదునుగా ఎందుకుందో ఆలోచించరు. నీళ్ళు నిలిచి, ఒండ్రు పేరుకుని చదునైంది. మొన్నటిదాకా అది చెరువు అడుగు, అంటే శిఖం భూమి. హైదరాబాద్‌లో ప్లాటు కొనేటప్పుడు ఎఫ్‌టీఎల్‌లో (అంటే చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దులో) ఉందా, దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో ఉందా అని వంద కాగితాలు తిరగేసే మనిషి, శనివారం సాయంత్రం అయ్యేసరికి అదే ఎఫ్‌టీఎల్ నడిబొడ్డున టెంట్ వేసి చాయ్ పెడతాడు.

నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి పోయాయో నేలే చెబుతుంది. నీటి అంచు నుంచి పైకి నడుస్తూ కిందికి చూడండి. మొదట తడి ఒండ్రు, తర్వాత నెర్రెలు విచ్చిన నేల. ఇంకా పైకి పోతే ఒక చోట ఎండిన నాచు, గడ్డిపోచలు, నత్తగుల్లలు, థర్మాకోల్ ముక్కలు, సీసా మూతలు వరసగా గీత గీసినట్టు పడి ఉంటాయి. అలలు తెచ్చి పోసిన చెత్త అది. నీళ్ళు తగ్గుతూ ఆగిన చోటల్లా అలాంటి గీత ఒకటి మిగులుతుంది, అందుకని రెండో మూడో కనిపిస్తాయి. మొదటి గీత దాటగానే హమ్మయ్య అనుకోవద్దు. అన్నిటికంటే పైనున్నదాన్ని పట్టుకోవాలి. బండలుంటే పని ఇంకా తేలిక. నీళ్ళు ఎక్కినంత మేరా బండ పాలిపోయి ఉంటుంది, ఆ పైన అసలు రంగు మొదలవుతుంది. సర్కారు తుమ్మ చెట్లుంటే మొదళ్ళ మీద మట్టి మరక ఎంత ఎత్తుకు ఉందో చూడండి. తుంగ మొలిచిన నేల పైకి ఎంత పొడిగా కనిపించినా అడుగున తడే.

ఆ పై గీతకు ఇంకో మనిషెత్తు పైన టెంట్ వేయాలి. నేను చెప్పేది ఎత్తు, దూరం కాదు. చాలామంది అడుగులు లెక్కపెట్టి, చాలా దూరం వచ్చాంలే అంటారు. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలున్న ఒడ్డున నీటిమట్టం మూడడుగులు పెరిగితే నీళ్ళు అరవై అడుగులు ముందుకొస్తాయి. అదీ చప్పుడు లేకుండా.

వానలు ఆగాక నీళ్ళెందుకు పెరుగుతాయని అడుగుతారు. ఊరి చెరువుకైతే ఆ ప్రశ్న సబబే. సోమశిల దగ్గర మీ ఎదురుగా ఉన్నది శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు, దాని నిండు మట్టం 885 అడుగులు. మన దగ్గర చుక్క రాలకపోయినా మహారాష్ట్ర, కర్ణాటకల్లో గట్టిగా కురిసి జూరాల గేట్లు ఎత్తితే, లేదా తుంగభద్ర పొంగితే, ఇక్కడ మట్టం అడుగుల కొద్దీ పెరుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను పట్టిందంటే వానాకాలం అయిపోయిందన్న మాటకు అర్థం లేదు. ప్రాజెక్టుల్లో ఎంత నీరుంది, ఎంత వస్తోంది అన్నది పేపర్లో వస్తుంది. బయలుదేరే ముందు చూసుకోవడానికి బద్ధకమెందుకు?

డ్యాము దిగువన, నది మధ్య బండల మీద, ఇసుక తిన్నెల మీద టెంట్ అన్న ఆలోచనే వద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో లార్జీ డ్యాము నుంచి ఉన్నట్టుండి నీళ్ళు వదిలితే బియాస్ నదిలో కొట్టుకుపోయిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు మన హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళు టెంట్ కూడా వేయలేదు, కాసేపు దిగారంతే.

గీతలన్నీ చూశాక కూడా ఒక మనిషిని అడగాలి. వల సర్దుకునే పెద్దాయన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. "కాకా, ఈడ నీళ్ళు యాడిదాకా వస్తయ్?" అంటే చేతిలో పని ఆపకుండానే గడ్డంతో చూపిస్తాడు. "గా తుమ్మ చెట్టు కాడికొస్తయ్ బిడ్డా. గీ బాట మీద ఎయ్యకుర్రి, పొద్దుగాల బర్లు దిగుతయ్." ఆ బాట మీ కంటికి ఆనకపోవచ్చు. గడ్డి మధ్యలో జానెడు వెడల్పున నున్నగా అరిగిన గీత అది, రాత్రిపూట పందులు కూడా దాన్నే వాడుకుంటాయి. మంజీర నీళ్ళున్న చోటైతే మొసళ్ళ సంగతి కూడా అడగండి. అభయారణ్యం హద్దు రాయి ఎక్కడుందో మొసలికి పట్టదు.

అలాగని మరీ పైకి, గుట్ట నెత్తికెక్కి వేయొద్దు. అక్కడ గాలి నిద్రపోనివ్వదు, మేఘం పట్టిందంటే పిడుగు భయం. మరీ పల్లమూ పనికిరాదు. చలికాలం రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారి నీటి పక్కన పల్లంలో చేరుతుంది. కోహిర్, వికారాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో పది డిగ్రీల లోపుకు పడిపోవడం కొత్తేమీ కాదు. పల్లం వదిలి ఓ ముప్పై అడుగుల ఎత్తుకు ఎక్కితే తేడా ఒంటికే తెలుస్తుంది. చెరువు కట్ట మీద మాత్రం ససేమిరా వద్దు. బండ్లు తిరుగుతాయి, కట్ట రాళ్ళ సందులు పాములకు ఇళ్ళు. మత్తడి (అలుగు) నీళ్ళు పారే దారి, తూము కింది కాలువ ఎండి ఉన్నా వదిలేయండి.

తర్వాత తల పైకెత్తి చూడాలి. ఎండిన కొమ్మ ఉందా? తేనెపట్టు ఉందా? పెద్ద మర్రి కొమ్మలకు, బండల చూరుకు కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. కింద మీరు పొగ పెడితే మిమ్మల్ని చెరువులో దూకించేదాకా వదలవు. మీకు తూర్పున చెట్టు ఉండి, దాని నీడ టెంట్ మీద పడేలా చూసుకుంటే ఏడు దాటినా టెంట్ ఉడకదు. సూర్యోదయం లోపలి నుంచే కనబడాలనేవాళ్ళు ఎండ పడగానే ఉక్కతో లేస్తారు, వాళ్ళ ఖర్మ.

చోటు కుదిరిందనుకున్నాక ఆ నేల మీద వెల్లకిలా పడుకోండి. ఐదు నిమిషాలు, అటూ ఇటూ దొర్లి. కంటికి కనపడని రాయి నడుముకు కనపడుతుంది. తల కిందికి వాలుతోందేమో తెలుస్తుంది. గండుచీమలుంటే అవే లేపుతాయి. పక్కన పుట్ట గానీ బొరియలు గానీ ఉంటే లేచి ఇంకో చోటికి నడవండి. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి.

టెంట్ నిలబెట్టడం

చోటు బాగుంటే ఇది పది నిమిషాల పని. కింద పరిచే టార్పాలిన్ పట్టా టెంట్ కంటే చిన్నదిగా ఉండాలి. అంచులు బయటికి కనబడుతుంటే లోపలికి మడిచేయండి. లేకపోతే మంచు, వాన పట్టా మీద పడి సరాసరి మీ వీపు కిందికి వస్తాయి. శుభ్రంగా ఉంటుందని పెద్ద పట్టా పరిచి ముందు చెప్పులు విడిచేవాళ్ళ టెంట్లే ముందు తడుస్తాయి.

టెంట్‌తో ఇచ్చే సన్నటి మేకులు మన మొరం నేలలో రెండో దెబ్బకే వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో జానెడు పొడవున్న ఇనుప మేకులు కొనుక్కోండి. మేకు తల టెంట్‌కు దూరంగా వాలేలా దించాలి, నిటారుగా కాదు. ఇసుకలో మేకు నిలవదు, సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతేయండి. బండ అయితే పెద్ద రాయికి కట్టండి.

చలికాలం మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వీస్తుంది. కాబట్టి తలుపు నైరుతికి. వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళు గింజుకుంటారు గానీ ఒక్క రాత్రికి ఏమీ కాదు. పైన గాలి పోయే కిటికీలు చలికి భయపడి మూసేయొద్దు. లోపల కారే నీళ్ళు చెరువువి కావు, మీ ఊపిరివే.

రాత్రి

మంట వేయాలనిపిస్తే ఇంటి దగ్గర డాబా మీద వేసుకోండి. ఎండుగడ్డి మీద ఒక నిప్పురవ్వ చాలు. స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంట్ లోపలికి, గుమ్మం దగ్గరికి కూడా తేవొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. చలికి ఇంకో రగ్గు కప్పుకోండి. స్పీకర్ తెచ్చేవాళ్ళని అసలు పిలవకండి.

జిప్పు ఎప్పుడూ చివరిదాకా, ఒక్క నిమిషానికి బయటికి పోయినా సరే. కట్లపాము తిరిగేది రాత్రే, అది కరిచేది ఎక్కువగా నేల మీద నిద్రపోయేవాళ్ళనే. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. ఎవరైనా కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగించొద్దు. కట్టు కట్టడం, కోయడం లేకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ ఆసుపత్రి ఎక్కడుందో, ఫోన్ సిగ్నల్ ఏ మూల దొరుకుతుందో పగలే చూసి పెట్టుకోండి. బూట్లు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోండి.

పొద్దున

బయటికి పోవాల్సి వస్తే నీటికి కనీసం 200 అడుగుల దూరంలో, జానెడు లోతు గుంత తీసి, పని అయ్యాక పూడ్చేయాలి. చెత్తంతా సంచిలో వేసి కారెక్కించండి, పక్కవాళ్ళు వదిలేసింది కూడా పట్టినంత. తడి టెంట్‌ని అలాగే చుట్టి సంచిలో కుక్కి, వచ్చే నెల తీద్దాంలే అని అటక మీద పడేయొద్దు. బూజు పట్టి, అతుకుల దగ్గర పూత ఊడిపోతుంది. ఇల్లు చేరిన రోజే డాబా మీద తాడుకు వేసి, రెండు వైపులా తిప్పి, పూర్తిగా ఆరాకే మడవండి. మేకులకు మట్టి తుడిచి వేరే సంచిలో వేయండి, టెంట్ సంచిలో వేస్తే గుడ్డకు చిల్లులు పడతాయి.