టారిక్ లెన్స్ వేశాక మళ్లీ మసకంటే ముందు ఇది చూడండి

శుక్లం ఆపరేషన్ అయిన నెలలోపే పేషెంటు తిరిగొచ్చి "మళ్లీ మసకగా ఉంది" అంటే వెంటనే పొర (లెన్స్ వెనక గోడ మసకబారడం) అనుకోవద్దు. పొర సాధారణంగా నెలలు, ఏళ్లు గడిచాక వస్తుంది. ముందు పిన్‌హోల్ (సన్న రంధ్రం ఉన్న పలక) పెట్టి చదివించండి. నిమిషం పని, అయినా చాలామంది వదిలేస్తారు. పిన్‌హోల్‌లో ఇంకో రెండు వరసలు చదివితే తేడా పవర్‌లో ఉంది. చదవకపోతే కార్నియా, రెటీనా చూడాలి.

పిన్‌హోల్‌తో మెరుగైంది, వేసింది టారిక్ లెన్స్ (సిలిండర్‌ను, అంటే కంటి వంపు ఒక దిక్కున ఎక్కువై వచ్చే పవర్‌ను, సరిచేసేది). అయితే లెన్స్ తిరిగిందేమో చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. పొదలకూరు నిమ్మతోట రైతు ఒకాయన మూడో వారంలో వచ్చి, "బస్సు బోర్డు మీద ప్రతి అక్షరం పక్కనా నీడ పడతా ఉంది నాయనా" అన్నాడు. సిలిండర్ తేలింది. అద్దాలు రాసి పంపేశాను. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయనేలేదు. మూడు నెలలకు వేసి చూస్తే, ఫైల్లో 90 డిగ్రీలని రాసిన యాక్సిస్ (లెన్స్ నిలవాల్సిన కోణం) కంట్లో 70 దగ్గరుంది. దూరం చూపుకి అద్దాలు వద్దనే ఆయన అంత డబ్బు పెట్టాడు.

లెన్స్ కాళ్ల చివర నుంచి చివరకు సుమారు 13 మిల్లీమీటర్లు. అది కూర్చునే సంచి (శుక్లం తీసేశాక మిగిలే తొడుగు) 10 పైచిలుకు. ఆ బిగువే దానికి పట్టు. మైనస్ పవర్ ఎక్కువున్న పొడవాటి కళ్లలో సంచి పెద్దది, పట్టు తక్కువ. ఆపరేషన్‌లో వాడిన జెల్ లెన్స్ వెనక మిగిలినా జారుతుంది, అదీ ఎక్కువగా మొదటి రోజే. డిగ్రీకి సుమారు 3.3 శాతం సిలిండర్ సవరణ పోతుంది. 30 డిగ్రీలకు మొత్తం పోయినట్టే.

అందుకే కంటిపాప బాగా పెద్దదయ్యాక స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చూపే మైక్రోస్కోప్) వెలుగును సన్నటి గీత చేసి, లెన్స్ మీది గుర్తుల వెంట తిప్పి డిగ్రీ చదవండి. పేషెంటు తల నిటారుగా ఉండాలి, కాస్త వాలినా లెక్క తప్పుతుంది. ఆ డిగ్రీతో పాటు ఆ రోజు తేలిన పవర్ కూడా సర్జన్‌కి ఇవ్వండి. ఎంత తిప్పాలో రెండూ కలిపి లెక్కేస్తారు, పాత యాక్సిస్‌కే తిప్పాలని లేదు. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు వారాలకు తిప్పడం మేలు. మరీ ముందైతే మళ్లీ జారొచ్చు, ఆలస్యమైతే సంచి లెన్స్‌కి అతుక్కుపోతుంది. ఇది తేలేదాకా పొర తెరిచే యాగ్ లేజర్ జోలికి పోవద్దు. సంచి వెనక గోడ తెరుచుకున్నాక లెన్స్ మార్చడం చాలా కష్టం.

కాలు వంగడం, లెన్స్ ఒరగడం అరుదు. కన్ను కదిపినప్పుడు లెన్స్ వణుకుతుంటే మాత్రం ఆ రోజే సర్జన్‌కి చూపించండి.