పాత కుట్టు మిషన్ల మరమ్మతు – 5వ పాఠం: దారం బిగువుకు ముందు మళ్ళీ నూనె

ఈసారి దారం బిగువు చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో. నాలుగో పాఠం చూసి పని మొదలుపెట్టినవారిలో చాలామంది రాసింది ఒకటే మాట: "కిరోసిన్ పోయగానే చక్రం హాయిగా తిరిగింది, వారం తిరక్కుండానే మళ్ళీ పట్టేసింది." పట్టేసిన మిషను మీద బిగువు సర్దడం కుదిరే పని కాదు. కాబట్టి వెనక్కి వెళ్దాం.

కిరోసిన్ చేసేది ఒక్కటే పని. కీళ్ళలో ఏళ్ళ తరబడి గట్టిపడిన జిడ్డును కరిగిస్తుంది. తర్వాత అది ఆరిపోతుంది, ఇనుము ఇనుముతో ఒట్టిగా రాసుకుంటుంది. సగం కరిగిన జిడ్డు పక్క కీలులోకి దిగి అక్కడ బిగుసుకుంటుంది. అందుకే కారే చుక్క తేటగా వచ్చేదాకా పోయడం, తిప్పడం, తుడవడం చేసి, అదే పూట నూనె వేయాలి. రేపు చూద్దాంలే అనుకుంటే కుదరదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి జిడ్డు వదిలిన ఇనుము ఎంత త్వరగా ఎర్రబడుతుందో అక్కడివారికి నేను చెప్పనక్కర్లేదు.

భీమవరం వైపు నుంచి ఇద్దరు, చెరువు మీద ఇంజనుకు తెచ్చిన డీజిల్ ఉంటే అదే పోశామన్నారు. జిడ్డు కరుగుతుంది, కాదనను. కానీ ఆ వాసన వదలదు, మిషను మీద కుట్టిన జాకెట్టుకూ అంటుకుంటుంది. పెట్రోలు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి.

ఇక అసలు సంగతి. "నూనె కూడా వేశాం" అన్నవారందరినీ ఏ నూనె అని అడిగాను. పాలకొల్లు చెల్లెమ్మ వేసింది కొబ్బరినూనె. ఆచంట మాస్టారిదీ కొబ్బరినూనే. అమలాపురం దగ్గర టైలరుగారు తన సర్వీసంతా కొబ్బరినూనెతోనే నడిచిందని కాస్త గర్వంగానే చెప్పారు. ముమ్మిడివరం పెద్దాయన గానుగ నువ్వులనూనె వేశారు, ఖరీదైనది కదా అని. ఒకావిడ అప్పడాలు వేయించగా మిగిలిన పొద్దుతిరుగుడు నూనె వేశారు. కోనసీమలో తలకూ, తలుపు బందులకూ, సైకిలు గొలుసుకూ కొబ్బరినూనే గతి అని నాకు తెలుసు. మిషనుకు మాత్రం వద్దు. ఈ ఒక్క విషయం దగ్గర నాకు ఓపిక ఉండదు కాబట్టి సాగదీసే చెబుతాను, విసుక్కోకండి.

ముందు పొద్దుతిరుగుడు, నువ్వులనూనెల సంగతి. ఇవి గాలి తగిలేకొద్దీ చిక్కబడే నూనెలు. మూకుడు బయటి అంచున పసుప్పచ్చగా అంటుకుని, సబ్బుకు లొంగని జిగురు చూశారుగా, మిషను కీలులో తయారయ్యేదీ అదే. వేసిన రోజు అంత మెత్తగా తిరిగేది ఇంకొకటి ఉండదు, ఏడాదికి సూది కడ్డీ కదలదు.

కొబ్బరినూనె అలా జిగురు కట్టదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ సుమారు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. ధనుర్మాసంలో తెల్లవారి సీసాలో నూనె పేరుకుపోయి, తలకు రాసుకోవడానికి ఎండలో పెట్టుకోని ఇల్లు మన జిల్లాల్లో ఉందా? మిషను లోపలా అదే జరుగుతుంది. సంక్రాంతి బట్టలు కుట్టాల్సిన రోజుల్లోనే చక్రం బరువెక్కుతుంది. పైగా నిలవ ఉన్నకొద్దీ ముక్కిపోతుంది. ముక్కిన నూనెలో పుట్టే ఆమ్లాలు ఇత్తడిని తింటాయి. మిషను స్తంభం మీద కంపెనీ పేరున్న ఇత్తడి బిళ్ళ అంచు చూడండి, ఆకుపచ్చని పొక్కు ఉంటే అక్కడ ఇంటినూనె తిరిగిందని అనుమానించండి. దూది, నూలు పొట్టు దాంట్లో కలిసి, బట్టను జరిపే పళ్ళ కింద చాపలా పేరుకోవడం మరో తంటా.

మరి టైలరుగారి మిషను ఇన్నేళ్ళు ఎలా నడిచింది? ఆయన పొద్దున్నుంచి రాత్రిదాకా తొక్కుతారు, రోజూ కొత్త చుక్క వేస్తారు, పాతది బయటికి పోతుంది. అలా నడిచే మిషనుకు ఏది వేసినా నడుస్తుంది. మనం పోగుచేసుకునేవి నెలకోసారి ముట్టుకునే మిషన్లు, అంతకుముందు ఇరవై ఏళ్ళు అటక మీద పడున్నవి. తేడా అక్కడుంది.

టైలరింగ్ సామాన్ల కొట్లో మిషను నూనె అని అడగండి. అది భూమిలోంచి తీసిన నూనెను శుద్ధి చేసింది, నీళ్ళలా పల్చగా, రంగు లేకుండా ఉంటుంది. గాలికి చిక్కబడదు. రంధ్రానికి ఒక్క చుక్క. సింగరయినా ఉషా అయినా మిషను చేతి పైభాగాన రంధ్రాలుంటాయి, ఎడమ పక్క మూత విప్పితే సూది కడ్డీ, బట్టను అదిమిపట్టే పాదం కడ్డీ కనిపిస్తాయి, మిషను తలను వెనక్కి వాలిస్తే అడుగున కడ్డీల కొసలు కనిపిస్తాయి. ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతిచోటా వేయండి. దారం బిగువు పళ్ళేల (పై దారాన్ని నొక్కిపట్టే రెండు చిన్న బిళ్ళల) మధ్య, బెల్టు మీద వద్దు.

నూనె వేశాక మిషనును మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు పెట్టి, వేడి మీదే తిప్పండి. హెయిర్ డ్రయ్యరు పెట్టమని కొందరు చెబుతారు. నల్లటి పోత ఇనుమును మన ఎండ వేడెక్కించినంత సమంగా అది వేడెక్కించదు, కరెంటు ఖర్చు అదనం.

ఇంత చేసినా కదలకపోతే అది జిడ్డా తుప్పా అని తేల్చుకోవాలి. కదలని కీలు దగ్గర గుండుసూదితో గీకి, రాలినదాన్ని తెల్ల కాగితం మీద పట్టండి. జిడ్డయితే గోధుమరంగులో చిన్న చుట్టలుగా వస్తుంది, వేలితో నలిపితే అంటుకుంటుంది. తుప్పయితే ఎర్రటి పొడి, ఊదితే ఎగిరిపోతుంది. లంక గ్రామాల నుంచి వచ్చే మిషన్లలో మూడోది కూడా ఉంటుంది: బూడిదరంగు మెత్తటి ఒండ్రు. 1986 ఆగస్టు గోదావరి వరదలో మునిగిన మిషన్లు ఇప్పటికీ పాత ఇనుము కొట్లలో కనిపిస్తాయి. ఒండ్రు ఉంటే నూనె వేసి తిప్పకండి, ఇసుక కలిసి అరగదీస్తుంది. ముందు పొడి కుంచెతో మొత్తం దులపాలి.

తుప్పో జిడ్డో తేలకుండా స్క్రూడ్రైవరు తీయొద్దు. సుత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకొక నష్టం. ఒకాయన మిషను మీద అంటించిన బంగారు రంగు బొమ్మలు మెరవాలని చేతులకు వాడే శానిటైజరుతో తుడిచారు. స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న ఈజిప్టు విగ్రహం) బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేసింది. ఆ మిషను నంబరు ముందు అక్షరం లేదట. సింగర్ కంపెనీ నంబర్ల ముందు అక్షరాలు పెట్టడం మొదలుపెట్టింది 1900లో, అంటే అది అంతకు ముందుది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ బొమ్మల మీద ఉండేది లక్క పూత. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ కోసం స్పిరిటులో లక్క నానబెట్టేది అందుకే. బొమ్మల మీద మిషను నూనె మాత్రమే, మెత్తటి పాత పంచె ముక్కతో. కొబ్బరిపీచు, సబ్బు నీళ్ళు, చింతపండు ఏవీ వద్దు.

ఇప్పుడు బిగువు. సూదికి దారం ఎక్కించడం మీకు వచ్చు, దాటేస్తున్నాను. ఇది గుండ్రటి బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) మిషన్లకు. పడవలాంటి పొడవాటి షటిల్ మిషన్లు ఉన్నవారు ఆగండి.

మిషను పాదం పైకెత్తితే బిగువు పళ్ళేలు విడతాయి, దించితే మూసుకుంటాయి. అందుకని దారం వేయడం పాదం ఎత్తి, బిగువు సర్దడం పాదం దించి. పాదం ఎత్తి పళ్ళేల మధ్య గుడ్డ అంచు దూర్చి లాగండి, పాత నూలు పొట్టు వస్తుంది. సగం ఫిర్యాదులు దీంతోనే తీరతాయి. పైన తెల్లదారం, కింద ఎర్రదారం పెట్టి కుట్టండి. ముడి రెండు పొరల మధ్య దాగాలి. పైన ఎర్రచుక్కలు కనిపిస్తే పై బిగువు ఎక్కువ. అడుగున తెల్ల ఉచ్చులు వేలాడితే పై బిగువు తక్కువ. అడుగున కనిపించింది కదా అని అందరూ బాబిన్ కేసు (బాబిన్ కూర్చునే డబ్బీ) స్క్రూ తిప్పేస్తారు. తిప్పకండి, తప్పు పైనుంది. బాబిన్ కేసును దాని దారంతోనే వేలాడదీయండి: తనంతట జారకూడదు, మణికట్టు చిన్నగా విదిలిస్తే అంగుళమో రెండంగుళాలో దిగాలి. అలా దిగితే దాని జోలికి వెళ్ళొద్దు.

బిగువు నేర్చుకునేదాకా మోటారు బిగించకండి. అసలు ఎప్పటికీ బిగించకపోతే నాకు ఇంకా ఇష్టం. కాలితో తొక్కుతుంటే మిషను బరువెక్కిన సంగతి వెంటనే తెలుస్తుంది. మోటారుతో అయితే అది కాలినప్పుడే తెలుస్తుంది.

అభ్యాసం. పాత పంచె, లుంగీ, జీన్సు, పల్చటి వాయిలు, ఈ నాలుగింటి ముక్కలు రెండేసి పొరలు. ఒక్కోదాని మీద బిగువు నట్టును పావు చుట్టు చొప్పున ఎనిమిది స్థానాల్లో కుట్టి, ప్రతి కుట్టు పక్కన పెన్నుతో స్థానం రాయండి. మొత్తం ముప్పై రెండు కుట్లు. ఎక్కువే, తెలుసు. దానితోపాటు గాజుముక్క మీద కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మిషను నూనె ఒక్కో చుక్క పల్చగా రాసి, దుమ్ము పడనిచోట గాలికి పెట్టి, నెల తర్వాత వేలు పెట్టి చూడండి. నామీద నమ్మకం లేని టైలరుగారు ఇది తప్పకుండా చేయాలి, మూడు నెలలు ఉంచితే మరీ మంచిది.

వచ్చే పాఠం తోలు బెల్టు. కొలత కోసం పాతదాన్ని కోసి పారేయకుండా దాచండి.