పొట్టలో గడియారం, 3వ పాఠం: చివరి ముద్ద ఎన్నింటికి?

పోయిన పాఠంలో ఏడు రోజుల పాటు తిన్న ప్రతిదీ టైముతో సహా రాయమన్నాను. ఇప్పుడు ఆ నోటుబుక్కు తెరవండి. ముందు నాది చూపిస్తాను, సిగ్గేం లేదు.

"బుధవారం. ఉదయం 9:30 ఇడ్లీ. మధ్యాహ్నం 2:10 పీజీలో భోజనం. రాత్రి 9 సమోసా, కాఫీ. 12:50 ఎగ్ రైస్."

ఆ ఎగ్ రైస్, రాత్రి షిఫ్ట్ అయ్యాక బెంగళూరు మారతహళ్లిలో మా క్యాబ్ ఆగే మలుపు దగ్గరి బండిది. "కారం కాస్త ఎక్కువేయమంటారా అన్నా?" అని మన యాసలో అడిగితే కాదనడం కష్టం.

ప్రతి రోజూ చివరి ముద్ద టైముకి సున్నా చుట్టండి. వాటిలో అన్నిటికన్నా ముందుదీ, అన్నిటికన్నా ఆలస్యమైనదీ తీసుకుని తేడా లెక్కేయండి. నాకు ఆదివారం 8:30, బుధవారం 12:50. తేడా 4 గంటల 20 నిమిషాలు. వేసవిలో లండన్‌కీ మనకీ ఉన్న తేడా నాలుగున్నర గంటలు. అంటే నేను బెంగళూరులోనే ఉన్నా, నా పేగులు వారం వారం లండన్ వెళ్లొస్తున్నాయన్నమాట.

ఇది ఉత్త పోలిక కాదు. మెదడులో దాదాపు 20,000 నాడీకణాల గుత్తి ఒకటుంది. ఒంటికి అదే పెద్ద గడియారం, వెలుతురు చూసి టైము దిద్దుకుంటుంది. కాలేయం, పేగుల్లోని గడియారాలు మాత్రం ఎక్కువగా తిండి వేళను పట్టుకుంటాయి. పేగుల్లోని బాక్టీరియా కూడా అంతే. 2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎలుకల తిండి వేళలు తారుమారు చేస్తే బాక్టీరియా రోజువారీ లయ కూడా చెదిరింది. అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఇద్దరి మలం జెట్‌లాగ్‌లో ఉండగా తీసి, సూక్ష్మజీవులే లేని ఎలుకలకి ఎక్కిస్తే వాటికి ఒళ్లొచ్చింది, రక్తంలో చక్కెర అదుపు తప్పింది. మనుషులు ఇద్దరే, మిగతావన్నీ ఎలుకలే. కాబట్టి దీన్ని పట్టుకుని ఇంట్లోవాళ్లని భయపెట్టకండి.

బాక్టీరియా కాలేయానికి కబురు పంపే దారుల్లో ఒకటి బ్యూటిరేట్ అనే పదార్థం. మనకి అరగని పీచుని అవి పులియబెట్టినప్పుడు తయారవుతుంది. 2015లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని కాలేయ కణాలకి అందిస్తే లోపలి గడియారాన్ని నడిపే జీన్ల పనితీరు మారింది. కొవ్వు తిండి పెట్టిన ఎలుకల్లోనేమో బాక్టీరియా లయే మందగించింది. నూనెలో వేయించిన తెల్లన్నం, అదీ అర్ధరాత్రి! నా ఎగ్ రైస్‌ని వెనకేసుకొచ్చే దారి నాకైతే కనిపించలేదు.

ఈ వారం అభ్యాసం ఒక్కటే: ఆ తేడాని రెండు గంటల లోపుకి తేవాలి. షిఫ్ట్ మానలేం కాబట్టి, రాత్రి 9 గంటలకొచ్చే బ్రేక్‌లోనే అసలు భోజనం చేసేయండి. డబ్బాలో పీచున్నదేదైనా పెట్టుకోండి. క్యాబ్ దిగాక మంచినీళ్లే. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వేళలు మార్చొద్దు.

నా కొత్త పేజీ: "సోమవారం. రాత్రి 9:10 జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర. 12:50 బండి దాటాను. మంగళవారం దాటలేదు." అదీ రాయాల్సిందే. తప్పిన రోజుల్ని ఏం చేయాలో 4వ పాఠంలో చూద్దాం.