పాత తమిళ కామెడీ సినిమాలు మనవాళ్ళు ఎలా చూడాలంటే

చెన్నై వచ్చి ఏళ్ళయినా పాత తమిళ కామెడీ జోలికి పోని మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, భాష రాదు కదా అంటారు. భాష పూర్తిగా రాకపోయినా పర్లేదు, కాకపోతే మొదలెట్టే చోటు సరిగ్గా ఉండాలి.

ముందే మూడు గంటల సినిమా పెట్టుకోకండి. ఆదిత్య టీవీ, సిరిప్పొలి అనే తమిళ కామెడీ ఛానెళ్ళలో రోజంతా కామెడీ సీన్లు ముక్కలు ముక్కలుగా వేస్తూనే ఉంటారు, వారం రోజులు అన్నం తినేటప్పుడు అవి చూడండి చాలు, అక్కడి కామెడీ జంట గౌండమణి గొంతూ సెంథిల్ మొహమూ అలవాటైపోతాయి. మన కోట, బాబుమోహన్ జంటని ఇష్టపడ్డవాళ్ళకైతే రెండు రోజులు కూడా పట్టదు.

తర్వాత 1989లో వచ్చిన కరగాట్టక్కారన్‌లో అరటిపండు సీను. గౌండమణి రూపాయిచ్చి రెండు పళ్ళు తెమ్మంటే సెంథిల్ ఒకటి దార్లో తినేసి ఒకటే తెస్తాడు, రెండోదేదిరా అంటే అదే ఇది అంటాడు. అంతే సీను! సెట్టింగు లేదు, ఖర్చు లేదు, అదే ప్రశ్న అదే జవాబు. దీన్ని రెండుసార్లు చూడండి, సబ్‌టైటిల్స్ తీసేసి. మొదటిసారి గౌండమణినే చూడండి, అడిగిన ప్రతిసారీ గొంతు ఒక్కో మెట్టు ఎలా ఎక్కుతుందో తెలుస్తుంది. రెండోసారి సెంథిల్‌ని మాత్రమే చూడండి, అవతల అంత గొడవ జరుగుతున్నా ఆ అమాయకపు మొహం చెక్కుచెదరదు, నాకైతే అసలు కామెడీ అక్కడే ఉందనిపిస్తుంది.

1984 నాటి వైదేహి కాత్తిరుందాళ్‌లో పెట్రోమాక్స్ లైటు సీను చూసేముందు పిల్లలకి మాంటిల్ అంటే ఏంటో చెప్పండి, ఆ కిరోసిన్ లైటులో వెలుగిచ్చే పల్చటి గుడ్డ సంచి అది. ఒకసారి వెలిగించాక అది బూడిదలా అయిపోతుంది, వేలు తగిల్తే రాలిపోతుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళకి ఆ లైట్లు అద్దెకి తెచ్చుకున్న రోజులు గుర్తున్నవాళ్ళకి సెంథిల్ చెయ్యి అటు వెళ్ళగానే గుండె గుభేలుమంటుంది, తెలియని పిల్లలకి ఏం పోయిందో కూడా అర్థం కాదు.

ఒకటి మాత్రం చెప్పాలి, ఈ సీన్లలో ఒంటి రంగు మీదా ఆకారం మీదా తిట్లు బాగా ఉంటాయి, అవి నాకు నచ్చవు, మా పిల్లలతో చూసేటప్పుడు ఆపి ఆ మాటే చెప్తాను.

పూర్తి సినిమాకి భాగ్యరాజ్ తీసిన ఇన్ఱు పోయ్ నాళై వా (1981) పెట్టండి. ఒకమ్మాయి కోసం ముగ్గురు కుర్రాళ్ళు పడే పాట్లే కథంతా. ఒకడు ఆ అమ్మాయి తండ్రి దగ్గర హిందీ నేర్చుకుంటాడు, రహతా థా (ఉండేవాడు) అన్నది వాడి నోట్లో రఘు తాతా అయిపోతుంది. ఇది మాత్రం ఒక్కరే చూడొద్దు. మా వడపళనిలో కింద వాటాలో ఉండే తమిళ పెద్దాయన, మేం మామ అనేవారు, ఆ మాట వచ్చేలోపే తనే అనేసి వాళ్ళావిడ మామి వైపు చూసి నవ్వుతారు, ఆయన పక్కన కూర్చుని చూశాకే నాకు ఆ సినిమా పట్టుబడింది. మీ బిల్డింగులోనూ అలాంటి మామ ఒకరు ఉండే ఉంటారు, ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి అడగండి.

విసు తీసిన మణల్ కయిఱు (1982) ఆఖర్న పెట్టుకోండి. ఆయన నాటకాల నుంచి వచ్చిన మనిషి, మాటలు చకచకా పడుతుంటాయి, కాస్త తమిళం చెవికెక్కాక చూడండి.