ఇటలీ క్యాంప్‌సైట్‌లో కరెంటు ట్రిప్ కాకుండా

వేసవిలో పిల్లాపాపలతో ఇటలీలో టెంట్ వేసుకునేవాళ్లు, సైట్ బుక్ చేసేటప్పుడే కరెంటు ఎన్ని ఆంపియర్లో తప్పక అడగండి. చాలాచోట్ల 3 నుంచి 6 వరకే ఇస్తారు. దాన్ని 230 వోల్టులతో గుణిస్తే వాట్లు తెలుస్తాయి: 3కి 690, 6కి 1380. 2000 వాట్ల కెటిల్ పెట్టగానే బ్రేకర్ పడిపోతుంది. ఆ బ్రేకర్ ఉన్న డబ్బాకు తాళం ఉందంటే రిసెప్షన్ తెరిచేదాకా కూలర్ బాక్సులో పాలు, పెరుగు గతి అంతే. 400 వాట్ల చిన్న రైస్ కుక్కర్ 3 ఆంపియర్లలోనూ నడుస్తుంది. టీకి మాత్రం గ్యాస్ స్టవ్వే మేలు.

ఆ డబ్బా నుంచి టెంట్‌కు లాగే కేబుల్‌కు నీలిరంగు మూడు పిన్నుల సీఈఈ ప్లగ్ (యూరప్ క్యాంప్‌సైట్లలో వాడే రకం) ఉండాలి, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 25 మీటర్లు. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పేయండి. చుట్టి ఉంచితే లోపలి వేడి బయటికి పోక ఇన్సులేషన్ కరిగే ప్రమాదం ఉంది, జూలై ఎండలో మరీను.